ఎర్ర చుక్క లేని జాయింట్ ఎవరిది?

ఈ ఉత్తరం హైదరాబాద్ చర్లపల్లి వైపు నుంచి వచ్చింది. రాసినామెకు 27 ఏళ్లు. పాలిటెక్నిక్‌లో ఈసీఈ డిప్లొమా చేసి, 40 మంది పనిచేసే చిన్న అసెంబ్లీ యూనిట్‌లో చేరారు, కిందటేడాది లైన్ ఇన్‌చార్జి అయ్యారు. బోరు మోటార్లకు పెట్టే మొబైల్ స్టార్టర్ల బోర్డులు అక్కడ తయారవుతాయి. రైతు ఇంటి దగ్గర్నుంచి ఫోన్ కొడితే చేలో మోటార్ ఆన్ అవుతుంది చూడండి, ఆ డబ్బా లోపలి బోర్డు.

ఏప్రిల్‌లో కస్టమర్ అడిగాడని లెడ్ (సీసం) ఉన్న సోల్డర్ పేస్ట్ (కాంపోనెంట్లను బోర్డుకు అంటించే లోహపు ముద్ద) మానేసి లెడ్-ఫ్రీకి మారారట. జూన్ నుంచి ఆగస్టు దాకా పంపిన 600 బోర్డుల్లో 47 వెనక్కొచ్చాయి. వాటిలో 14 బోర్డులు జీఎస్ఎం మాడ్యూల్ (ఫోన్ సిగ్నల్ అందుకునే భాగం) మీద వేలితో నొక్కితే పనిచేస్తున్నాయి, వేలు తీస్తే లేదు. 11 బోర్డుల్లో 3.3 వోల్టుల లైన్ షార్ట్. తొమ్మిదింటిలో రిలే (మోటార్‌ను ఆన్-ఆఫ్ చేసే స్విచ్), బయటి వైర్లు బిగించే టెర్మినల్ కాళ్ల దగ్గర సోల్డర్ చిట్లింది. మిగిలిన 13 టెస్ట్ జిగ్ (బోర్డును పరీక్షించే అమరిక) మీద పెడితే శుభ్రంగా పనిచేస్తున్నాయి, ఎందుకు వెనక్కొచ్చాయో తెలీదు. ఇది కాక లైన్ మీద 0402 సైజు బుల్లి రెసిస్టర్లు లేచి నిలబడటం, కాంపోనెంట్ల పక్కన సన్న సోల్డర్ గుండ్లు కనబడటం వానలు మొదలైనప్పటి నుంచి ఎక్కువైంది. పేస్ట్ డబ్బాను ఫ్రిజ్‌లోంచి ఉదయం 8:30కి తీసి 9కల్లా ప్రింటింగ్, అంటే బోర్డుల మీద పేస్ట్ పూయడం, మొదలుపెడతారు. పేస్ట్‌ను కరిగించే రీఫ్లో ఓవెన్ డిస్‌ప్లే మీద ఆఖరి జోన్ 250 డిగ్రీలు చూపిస్తోంది కాబట్టి వేడి సరిపోతోందని అందరి నమ్మకం.

అసలు బాధ ఇక్కడ మొదలవుతుంది. ఓనర్ ఒకటే మాట మీద ఉన్నారు, తప్పంతా టచప్ టేబుల్‌దే, అంటే చెడిన జాయింట్లను చేత్తో మళ్లీ సోల్డర్ చేసే చోటుదే అని. ఆ టేబుల్ దగ్గర కూర్చునేది 19 ఏళ్ల అనుభవం ఉన్న ఒక అక్క. "నాకు సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం నేర్పిందే ఆవిడ" అని రాశారు. కస్టమర్‌కి పంపే రిపోర్టులో కారణం దగ్గర 'ఆపరేటర్ తప్పిదం' అని, తీసుకున్న చర్య దగ్గర 'సదరు ఆపరేటర్‌ను తొలగించాం' అని రాసి నెలాఖరులోగా సంతకం పెట్టమన్నారు. ఈ సంగతి అక్క చెవిన పడింది. మధ్యాహ్నం ఇద్దరూ కలిసి తినేవాళ్లు, ఇప్పుడు ఆవిడ బాక్స్ తీసుకుని మెట్ల మీద కూర్చుంటోంది. "సంతకం పెట్టకపోతే నా ఉద్యోగం పోతుందని భయం. తమ్ముడి ఫీజు నా జీతంతోనే కడుతున్నాం. పెడితే రాత్రి నిద్ర పట్టదు. పోనీ తప్పు నిజంగా ఆవిడదేనేమో అని కూడా ఒక్కోసారి అనిపిస్తోంది, సీసాలోంచి ఫ్లక్స్ (సోల్డర్ బాగా అంటుకోవడానికి వాడే ద్రవం) నేరుగా బోర్డు మీద పోయడం నా కళ్లతో చూశాను. (ఆవిడ మళ్లీ సోల్డర్ చేసిన ప్రతి జాయింట్ పక్కన ఎర్ర నెయిల్ పాలిష్‌తో సన్న చుక్క పెడుతుంది, పాత అలవాటు.) నేనేం చేయాలి?"

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాలుగు పేజీల్లో అన్నిటికంటే పనికొచ్చే మాటను మీరు బ్రాకెట్లో పడేశారు. ఆ ఎర్ర చుక్క. ఇరవై ఏళ్లకు పైగా లైన్ల మీద తిరిగినవాణ్ణి, తను ముట్టుకున్న ప్రతిచోటా తన గుర్తు తనే పెట్టుకునే ఆపరేటర్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అజాగ్రత్త మనిషికి ఆ అలవాటు ఉండదు. అది అలా ఉంచి లెక్కకు వద్దాం. మీ ఓనర్ చెప్పింది నిజమో కాదో తేల్చే సాక్ష్యం మీ స్టోర్ రూమ్‌లోనే ఉంది. ఆ 47 బోర్డుల్లో ఫాల్ట్ ఉన్న జాయింట్ పక్కన చుక్క ఉందా లేదా, అంతే. చుక్క లేదంటే ఆ జాయింట్‌ను అక్క ముట్టుకోలేదు.

కాబట్టి ఒక పెద్ద టేబుల్, ఒక ట్యూబ్‌లైటు, పది రెట్లు పెద్దగా చూపించే లెన్సు సిద్ధం చేసుకోండి. బోర్డుకొక వరుస చొప్పున కాగితం మీద గీసుకుని, ఫాల్ట్ ఏ కాంపోనెంట్ దగ్గర, అక్కడ చుక్క ఉందా, ప్యానెల్‌లో, అంటే చాలా బోర్డులు కలిసి ఉండే పెద్ద పలకలో, ఆ బోర్డు ఏ మూల నుంచి వచ్చింది అన్నవి రాయండి. ఇంకో పని కూడా ఉంది, దాదాపు ఎవరూ చేయరు. స్టోర్‌లో పంపకుండా ఉన్న మంచి బోర్డులు ఓ 50 తీసి వాటి మీదా చుక్కలు లెక్కపెట్టండి. ఎందుకంటారా? వెనక్కొచ్చిన వాటిలో సగానికి మాడ్యూల్ దగ్గర చుక్క ఉందనుకోండి, ఓనర్ వెంటనే 'చూశావా' అంటారు. కానీ మంచి బోర్డుల్లోనూ సగానికి అదే చోట చుక్క ఉంటే ఆ చుక్కకీ ఫాల్ట్‌కీ సంబంధం లేనట్టే. ఈ రెండో లెక్క లేకుండా మొదటి లెక్కను ఎవరికీ చూపించకండి.

ఇక 14 బోర్డుల సంగతి. నొక్కితే పనిచేసి వదిలితే ఆగిపోతోందంటే సోల్డర్ కరిగి అంటుకోలేదు, ఊరికే ఆనుకుని ఉంది. మనవాళ్లు డ్రై సోల్డర్ అనేదే. లెడ్ ఉన్న 63/37 (63 శాతం తగరం, 37 శాతం సీసం) సోల్డర్ 183 డిగ్రీలకు కరుగుతుంది. లెడ్-ఫ్రీలో మామూలుగా వాడే శాక్305, అంటే 3 శాతం వెండి, అర శాతం రాగి, మిగతాది తగరం, అది 217 దాటితే గానీ కరగడం మొదలుపెట్టదు. 34 డిగ్రీల తేడా. ఏప్రిల్‌లో పేస్ట్ మార్చారు సరే, ఓవెన్‌లో బోర్డు మీద వేడి ఎలా పెరిగి తగ్గుతోందో కొలిచే ప్రొఫైల్ మళ్లీ తీశారా? మీ ఉత్తరంలో ఆ మాటే లేదు. తీయలేదనే నా అనుమానం. డిస్‌ప్లే మీద 250 అంటే ఓవెన్ ఆ జోన్‌లో కొలిచిన వేడి, మీ బోర్డుది కాదు. పైగా జీఎస్ఎం మాడ్యూల్ నెత్తిన రేకు మూత ఉంటుంది, కింద పెద్ద రాగి పొర ఉంటుంది, రెండూ కలిసి వేడిని మింగేస్తాయి. పక్కనున్న రెసిస్టర్ 245కి వెళ్లినప్పుడు మాడ్యూల్ కింద ప్యాడ్ (కాలు అంటుకునే రాగి చోటు) 220 దగ్గరే తచ్చాడొచ్చు. అక్కడ పేస్ట్ సగం కరిగి, లెన్సులో చూస్తే ఇసుక రేణువుల్లా కనబడుతుంది. చెడిపోయిన ఒక మాడ్యూల్ ఊడదీసి ప్యాడ్లు చూడండి, మీకే తెలుస్తుంది.

ప్రొఫైల్ తీయడానికి ఖరీదైన మెషీనే అక్కర్లేదు. ఒక స్క్రాప్ బోర్డును బలివ్వండి. కాంపోనెంట్లన్నీ ఎక్కించిన బోర్డే కావాలి, ఖాళీ బోర్డు అబద్ధం చెబుతుంది. మాడ్యూల్ ప్యాడ్ దగ్గర ఒకటి, బోర్డు మూలన చిన్న కాంపోనెంట్ దగ్గర ఒకటి, మధ్యలో ఒకటి, మూడు కె-టైప్ థర్మోకపుల్ (వేడి కొలిచే) వైర్లు అంటించండి. ఎక్కువ వేడికి కరిగే సోల్డర్ ఉంటే దాంతో, లేకపోతే అల్యూమినియం టేప్‌తో. వేడి తట్టుకునే పొడవాటి వైర్లు బోర్డు వెనకే లోపలికి వెళ్తాయి, బయట మీటర్ పట్టుకుని ఒకరు ఐదు సెకన్లకోసారి అంకె చదివితే ఇంకొకరు రాసుకోవాలి. చాదస్తంగా ఉంటుంది గానీ పని జరుగుతుంది. చూడాల్సింది మాడ్యూల్ దగ్గరి వైరు. అది 217 పైన 45 నుంచి 90 సెకన్ల దాకా ఉండాలి, పీక్ 235 నుంచి 250 మధ్య రావాలి, మాడ్యూల్ డేటాషీట్‌లో రాసిన గరిష్ఠాన్ని మాత్రం దాటకూడదు. రాకపోతే కన్వేయర్ వేగం కొంచెం తగ్గించి మళ్లీ తీయండి. గుడ్డిగా జోన్లన్నీ పది డిగ్రీలు పెంచేస్తే చిన్న కాంపోనెంట్లు మాడతాయి, అది ఇంకో ఉత్తరమవుతుంది.

ఇందులోనే అక్కకు సంబంధించిన విషయం ఒకటుంది. లెడ్ ఉన్న జాయింట్ అద్దంలా మెరుస్తుంది. లెడ్-ఫ్రీ జాయింట్ బాగా కుదిరినా కాస్త మసకగానే, గరుకుగానే ఉంటుంది. 19 ఏళ్లుగా మెరుపు చూసి మంచీ చెడూ చెప్పిన కన్ను ఆవిడది. ఏప్రిల్ నుంచి ఆ కన్నుకి ప్రతి జాయింటూ డ్రై సోల్డర్‌లాగే కనబడి ఉంటుంది. మంచి జాయింట్లనే మళ్లీ మళ్లీ కాలుస్తోందేమో చూడండి. ఏప్రిల్‌కి ముందు బోర్డుకి ఎన్ని చుక్కలు, ఇప్పుడెన్ని? పాత బోర్డులు ఒకటో రెండో మీ దగ్గర ఉండే ఉంటాయి. చుక్కలు ఒక్కసారిగా పెరిగి ఉంటే ఆవిడకు కొత్త జాయింట్ ఎలా ఉంటుందో ఎవరూ చూపించలేదనే అర్థం. చూపించాల్సింది యూనిట్. యూనిట్ అంటే ఓనర్, ఆయన తర్వాత మీరు. ఇది మిమ్మల్ని నొప్పించడానికి అనడం లేదు.

11 షార్ట్ బోర్డుల విషయంలో నాకు సోల్డరింగ్ కంటే ప్యానెల్ విరవడం మీద అనుమానం. విడి బోర్డులు ఎలా చేస్తున్నారో మీరు రాయలేదు. చిన్న యూనిట్లలో మామూలుగా జరిగేది నాకు తెలుసు, బోర్డుల మధ్య విరవడానికి గీసిన వి-కట్ గీత టేబుల్ అంచు మీద ఆనించి, చాక్లెట్ బార్ విరిచినట్టు రెండు చేతులతో టక్కున విరిచేస్తారు. ఆ క్షణంలో బోర్డు వంగుతుంది, దాని మీద కూర్చున్న సెరామిక్ కెపాసిటర్ వంగలేదు, పగులుతుంది. పగులు అడుగున, కాలు అంటుకున్న చోట మొదలై ఏటవాలుగా లోపలికి పోతుంది. పైనుంచి చూస్తే చాలాసార్లు ఏమీ కనబడదు. జిగ్ మీద పాసవుతుంది, పొలానికి వెళ్లి ఎండకీ తేమకీ రెండు నెలలు ఉన్నాక షార్ట్ అవుతుంది. ఆ 11 బోర్డుల్లో షార్ట్ తెచ్చిన కెపాసిటర్ ఏదో పట్టుకోండి, ఒక్కొక్కటీ తీస్తూ పోతే ఒకదాని దగ్గర షార్ట్ మాయమవుతుంది. అది ప్రతిసారీ వి-కట్ అంచు పక్కనున్నదే అయితే, పైగా గీతకు అడ్డంగా నిలబెట్టినట్టు ఉంటే, దొంగ దొరికినట్టే. గీతకు సమాంతరంగా పడుకోబెట్టిన కెపాసిటర్ అంత తొందరగా పగలదు, కాబట్టి ఈ సంగతి డిజైన్ చేసినవాళ్ల చెవినా వేయాలి. డిజైన్ మారేదాకా చక్రం బ్లేడుతో కోసే చిన్న సెపరేటర్ తెప్పించుకోండి, చేత్తో విరవడం ఆపేయండి.

అయితే ఒక మాట. ఐరన్ బిట్‌ను నేరుగా కెపాసిటర్ ఒంటికి ఆనించినా అది పగులుతుంది, చల్లగా ఉన్న సెరామిక్ మీద ఒక్కసారిగా 350 డిగ్రీలు పడితే తట్టుకోలేదు. అంచుకు దూరంగా ఉన్న కెపాసిటర్ పోయి, పక్కన ఎర్ర చుక్క కూడా ఉంటే ఆ బోర్డు టచప్ ఖాతాలోకే రాయండి. అక్క మీద అభిమానంతో దాన్ని పక్కకు నెట్టేస్తే మీరూ ఓనర్ చేసిన పనే చేసినట్టు, వేరే దిక్కు నుంచి.

రిలేల దగ్గర చిట్లిన తొమ్మిదింటికి ఎక్కువ చెప్పను. మీ దగ్గర వేవ్ సోల్డరింగ్ (కరిగిన సోల్డర్ అల మీదుగా బోర్డును నడిపే మెషీన్) లేదని ఉత్తరాన్ని బట్టి అర్థమైంది, ఆ కాళ్లన్నీ హ్యాండ్ సోల్డరింగ్ టేబుల్ దగ్గర వేస్తారు, అంటే అక్క ఒక్కతే కాదు, అక్కడి నలుగురూ. బోర్డు తిప్పి కాంపోనెంట్ వైపు నుంచి రంధ్రంలోకి చూడండి. సోల్డర్ కింద కుప్పగా ఉండి పైకి ఎక్కలేదంటే బిట్ సన్నదైనా అయుండాలి, పిన్ పెద్ద రాగి పొరకు కలిసైనా ఉండాలి. రంధ్రం ఎత్తులో 75 శాతమైనా నిండాలని ఎలక్ట్రానిక్స్ అసెంబ్లీ ప్రమాణం ఐపీసీ 610 చెబుతుంది. వెడల్పాటి ఉలి మూతి బిట్ పెట్టండి, వేడిని 420కి పెంచే తెలివి మాత్రం వద్దు, ప్యాడ్లు లేచిపోతాయి. ఆపైన పొలంలో ఎలక్ట్రీషియన్ టెర్మినల్ స్క్రూ బిగించేటప్పుడు పెట్టే బలమంతా ఆ జాయింట్ మీదే పడుతుంది, దానికి మీరు చేయగలిగింది జాయింట్ నిండుగా వేయడమే.

నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసినవి మాత్రం ఏ ఫాల్టూ కనబడని ఆ 13. జిగ్ మీద పాసయ్యాయంటే మంచివని కాదు, మీ జిగ్ ఏసీ గదిలో ఉంది, ఆ డబ్బా చేలో చింతచెట్టు కింద ఉంది. ఒక చిన్న పరీక్ష చెబుతాను, ఖర్చు లేనిది. బోర్డును తక్కువ వోల్టేజీ మీద పెట్టి, నోరు తెరిచి దాని మీద హా అని ఊదండి, అద్దం తుడిచే ముందు ఊదినట్టు. మెయిన్స్ కరెంటు ఇచ్చినప్పుడు పొరపాటున కూడా చేయొద్దు. ఊదగానే రీడింగ్ అటూఇటూ అయినా, మాడ్యూల్ రీసెట్ అయినా, బోర్డు మీద తేమకు కరెంటు పాకే మురికి ఉందన్నమాట. ఆ మురికి చాలాసార్లు ఫ్లక్సే. నో-క్లీన్ అని సీసా మీద రాసి ఉంటుంది, కడగక్కర్లేదని అందరూ అనుకుంటారు. అది పూర్తిగా వేడెక్కి ఆరిపోతే కడగక్కర్లేదు. సీసాలోంచి పోస్తే జాయింట్ కిందది కాలుతుంది, చుట్టూ పారింది పచ్చిగా మిగులుతుంది, వానాకాలం తేమ తగిలితే లీకేజీ మొదలవుతుంది. రైతు ఫోన్ కొడితే స్టార్టర్ పలకదు. ఆయన ముందు సిమ్‌లో బ్యాలెన్స్ చూసుకుంటాడు, తర్వాత టవర్‌ను తిడతాడు, ఆ తర్వాత రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని బావి దగ్గరికి నడుస్తాడు. ఆ నడక తప్పించుకోవడానికే ఆయన ఆ డబ్బా కొన్నది.

ఇక్కడ వేలు అక్క వైపు తిరగొచ్చు, మీరు కళ్లారా చూశానన్నారు కూడా. ఊదినప్పుడు తడబడిన చోటల్లా చుక్కలుంటే ఒప్పుకోక తప్పదు. కానీ ఆ సీసా టేబుల్ మీద ఎవరు పెట్టారు? ఫ్లక్స్ పెన్ను ఇచ్చారా? టచప్ అయ్యాక ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్)తో, బ్రష్‌తో తోమాలని ఏ కాగితం మీదైనా రాసి ఉందా? రాసి, నేర్పి, అయినా ఆవిడ చేయకపోతే అది ఆవిడ తప్పు. రాయనే లేదంటే అది పద్ధతి తప్పు. రిపోర్టులో ఈ రెండూ ఒకటి కాదు.

పేస్ట్ సంగతి త్వరగా చెప్పేస్తాను. ఫ్రిజ్‌లోంచి తీసిన అరగంటకే మూత తీస్తే గాలిలో తేమంతా చల్లటి పేస్ట్ మీద మంచులా దిగుతుంది, జులైలో మరీను. రేపు పొద్దున డబ్బా వెలుపలి గోడ వేలితో తడిమి చూడండి, తడిగా ఉంటుంది. ఆ నీరే ఓవెన్‌లో చిటపటలాడి సోల్డర్ గుండ్లు చిమ్ముతుంది. మూత తీయకుండా నాలుగు గంటలైనా బయట ఉంచాలి, కాబట్టి తెల్లవారుజామున 5కి డబ్బా బయటపెట్టే పని వాచ్‌మన్‌కి అప్పగించండి, తీసిన టైము మూత మీద మార్కర్‌తో రాయమనండి. లేచి నిలబడే రెసిస్టర్లు ప్రతిసారీ అవే నంబర్లయితే ఆ రెసిస్టర్ ఒక కాలు పెద్ద గ్రౌండ్ రాగికి కలిసి ఉందేమో, రెండు కాళ్ల దగ్గర పేస్ట్ సమానంగా పడుతోందో లేదో చూడండి. ఒకవైపు ముందు కరిగితే అది రెండో కాలును పైకి లాగేస్తుంది. ఇవేవీ ఆ 47కి నేరుగా కారణం కాకపోవచ్చు. కానీ అక్క టేబుల్ మీద బోర్డులు గుట్టపడుతున్నది వీటివల్లే, గుట్ట పెరిగితే ఎంత మంచి చెయ్యయినా తొందరపడుతుంది. మాడ్యూల్ రీల్ కవర్ మీద, అది తేమను ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పే లెవెల్ కూడా చూడండి. 3 అని ఉంటే కవర్ విప్పాక 168 గంటల్లోపు వాడేయాలి, అదీ 30 డిగ్రీల వేడి, 60 శాతం తేమ దాటని గదిలో.

అన్నట్టు, టచప్ టేబుల్ మీద ఏ సోల్డర్ వైరు ఉంది? పేస్ట్ మార్చినవాళ్లు వైరు మార్చడం మర్చిపోవడం నేను చాలాచోట్ల చూశాను. పాత 63/37 రీలు అక్కడే ఉంటే, మీరు లెడ్-ఫ్రీ అని పంపుతున్నది లెడ్-ఫ్రీ కాదు. హానికర పదార్థాలను పరిమితం చేసే రోస్ నిబంధన ప్రకారం లెడ్ 0.1 శాతం దాటకూడదు, ఆ సోల్డర్‌లో 37 శాతం ఉంటుంది. కస్టమర్ ఆడిట్‌లో ఇది బయటపడితే 47 బోర్డుల గొడవ చిన్నదైపోతుంది. ఈ రోజే వెళ్లి రీలు మీది లేబుల్ చదవండి.

ఇప్పుడు సంతకం గురించి.

ఓనర్ చెప్పినట్టే రాసి పెట్టేయొచ్చు. ఈ నెల గడిచిపోతుంది, మీ ఉద్యోగానికి ఢోకా ఉండదు. అక్క పోతుంది, ఆవిడ స్థానంలో ఎవరో కొత్తమ్మాయి వస్తుంది, చుక్క పెట్టే అలవాటు లేని అమ్మాయి. ఓవెన్ అదే, పేస్ట్ అదే, ప్యానెల్ విరవడం అదే. దసరా దాటాక మళ్లీ రిటర్న్స్ వస్తాయి, అప్పుడు తొలగించడానికి అక్క ఉండదు, కారణం రాసి సంతకం పెట్టిన మనిషి మాత్రం ఉంటుంది. పైగా కస్టమర్ క్వాలిటీ మనిషికి కాస్త అనుభవం ఉంటే 'ఆపరేటర్ తప్పిదం' అన్న మాట చదవగానే రిపోర్టు వెనక్కి పంపుతాడు. అసలు కారణం వెతకలేదని చెప్పడానికి మన ఫీల్డులో వాడే మర్యాద మాట అది.

నేనూ ఒకసారి అలాంటి కాగితం మీద సంతకం పెట్టాను. వేవ్ సోల్డరింగ్‌లో జాయింట్లకు చిల్లులు పడుతుంటే, నైట్ షిఫ్ట్ కుర్రాడు ఫ్లక్స్ సరిగ్గా కొట్టడం లేదని రాశాను. అతను వెళ్లిపోయిన వారానికి ఎవరో బోర్డులను ఓవెన్‌లో బేక్ చేసి వేస్తే చిల్లులు ఆగిపోయాయి, బోర్డు తేమ పట్టి ఉంది, అంతే. ఫోన్ చేశాను. ఎత్తలేదు.

రెండోది, పెట్టనని మొహం మీదే చెప్పడం. మీకు ఇప్పుడున్న కోపానికి అదే తేలికనిపిస్తుంది. కానీ చేతిలో లెక్క లేకుండా కాదంటే ఓనర్‌కి అది అక్కాచెల్లెళ్ల పక్షపాతంగానే కనబడుతుంది, ఇద్దరూ పోతారు. తమ్ముడి ఫీజు తలుచుకుంటే దీన్ని నేను సిఫారసు చేయలేను, ఇంకోచోట మాట ఖాయం చేసుకుంటే తప్ప.

మూడో దారి నాకు నచ్చింది, దానికీ రిస్క్ ఉంది. వారం గడువు అడగండి. కస్టమర్‌కి ఈలోగా ఒక మధ్యంతర రిపోర్టు పంపుదామనండి, స్టాక్ ఆపాం, 47 బోర్డులూ విడదీసి చూస్తున్నాం, ఓవెన్ ప్రొఫైల్ మళ్లీ తీస్తున్నాం, ఫలానా తేదీకి పూర్తి కారణాలు పంపుతాం అని. చాలామంది కస్టమర్లకు ఇది తొందరపాటు కారణం కంటే నచ్చుతుంది. ఓనర్‌తో న్యాయం గురించి మాట్లాడకండి, డబ్బు గురించి మాట్లాడండి. "సార్, అక్కను తీసేసినా ఓవెన్‌లో మాడ్యూల్ కింద వేడి చాలకపోతే వచ్చే లాట్‌లోనూ ఇవే వెనక్కొస్తాయి. స్టోర్‌లో ఉన్నవాటికీ అదే ప్రొఫైల్. ఒక్క వారం ఇవ్వండి, నంబర్లతో వస్తాను. ఆ నంబర్లలో టచప్ వాటా ఎంతుంటే అంత నేనే రాస్తాను." ఆఖరి వాక్యం తప్పకుండా అనండి, అది వింటే మీరు అక్కను కాపాడటానికి రాలేదని ఆయనకు అర్థమవుతుంది. లెక్క చూశాక కూడా ఆయన మొండికేయొచ్చు. అప్పుడు రిపోర్టును ఆయన సంతకంతోనే పంపుకోమని నెమ్మదిగా చెప్పి, మీ లెక్క కాగితాన్ని తేదీ వేసి మీ దగ్గర ఉంచుకోండి. ఆయన మీ మీద కినుక పెట్టుకుంటారు, ఆ సంగతి ముందే తెలుసుకుని దిగండి.

ఓనర్‌ను దాటి కస్టమర్‌కి నేరుగా చెప్పడమనే నాలుగో దారి ఉంది. ఒకసారి దాటితే ఆ యూనిట్‌లో మీకు చోటుండదు. ఒక్క సందర్భంలో మాత్రం ఆ మాట ఆలోచించాల్సి వస్తుంది. వెనక్కొచ్చిన వాటిలో ఏ ఒక్కటైనా, ఎవరూ ఫోన్ చేయకుండా మోటార్ తనంతట తనే ఆన్ అయిందన్న ఫిర్యాదుతో వచ్చిందా? కంప్లైంట్ స్లిప్పులన్నీ ఈ సాయంత్రమే చదవండి. అలాంటిది ఒక్కటున్నా వారం గడువు, మధ్యంతర రిపోర్టు ఇవన్నీ పక్కన పెట్టి అదే రోజు ఓనర్ చేత పంపడం ఆపించండి, కస్టమర్‌కి చెప్పించండి. ఆగిన మోటార్ దగ్గర చెయ్యి పెట్టిన మనిషి ఉంటాడు, ఆ లైను మీద 415 వోల్టులుంటాయి.

అక్కతో ఏం మాట్లాడాలని అడగలేదు మీరు, కానీ ఉత్తరమంతా అదే ఉంది. క్షమాపణలతో మొదలుపెట్టకండి, ఇంకా మీరేమీ చేయలేదు. మెట్ల దగ్గరికి మీ బాక్స్ తీసుకుని వెళ్లి, "అక్కా, 47 బోర్డులు చూడాలి, నువ్వు పక్కన ఉంటే తొందరగా అవుతుంది" అనండి. ఏ చుక్క ఎందుకు పెట్టిందో చెప్పగలిగేది ఆవిడొక్కతే. ప్రతిసారీ పెడుతుందా, పని ఎక్కువైన రోజు మానేస్తుందా అన్నది కూడా ఆవిడే చెప్పాలి, అది తెలియకపోతే మీ లెక్కంతా గాల్లో ఉన్నట్టే. తను తడబడిన చోట ఆవిడే ఒప్పుకుంటుందని నా నమ్మకం, ఒప్పుకోకపోయినా బోర్డు ఎదురుగా ఉంటుంది.

అప్పటిదాకా ఆ 47 బోర్డులను అల్మారాలో పెట్టి తాళం మీ దగ్గర ఉంచుకోండి. రిటర్న్స్ రాగానే ఎవరో ఒకరు మంచి మనసుతో థిన్నర్ పెట్టి శుభ్రం చేసేస్తుంటారు. థిన్నర్ తగిలితే నెయిల్ పాలిష్ నిలవదు.